ఫోనులో పన్నెండు వరుసలు

జూన్ 2, సోమవారం. ఉదయం 6:10

ప్రార్థన ముగిసింది. సంకల్పం ఆరంభమైంది.

మనవరాలు షారోన్ మడికొండలో ఒక కంపెనీలో పని చేస్తుంది. బ్రౌజరులోనే ప్రోగ్రాములు రాసుకొనే సాధనం ఒకటి వారు నడుపుతున్నారు. కంప్యూటరులో అది చక్కగా ఉంటుందట, ఫోనులో మాత్రం మనుషులను ఏడిపిస్తుందట. బాగు చేయడానికి మూడు నెలల గడువు కావాలని షారోన్, అవసరం లేదని ఆమె పై అధికారి శేఖర్. పన్నెండో తేదీన తేలుతుంది. ఆలోగా కొత్తవారు నలుగురు ఫోనులో ఒక ప్రోగ్రాము రాసి తమ కష్టాలు చెప్పాలి. ఆ నలుగురిలో నేనొకణ్ణి.

"మంచిగ చెయ్యాల్నని లేదు తాతా. ఎక్కడ ఆగిపోతవో అది రాస్తే చాలు" అంది.

నియమాలు:
1. రోజూ అరగంట, ఫోనులోనే.
2. మా అబ్బాయి రాజేష్ కంప్యూటరును ముట్టరాదు.
3. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పద్యపాదం ఇస్తే అక్షరాలు లెక్కించి చెప్పే ప్రోగ్రాము, మొత్తం పన్నెండు వరుసలు. ముప్పై ఆరేళ్ళు తెలుగు పండితుడిగా ఎర్ర ఇంకుతో వేల జవాబు పత్రాలు దిద్దినవాడికి పన్నెండు వరుసలు ఒక లెక్కా?

జూన్ 3, మంగళవారం

6:30. మొదటి వరుస. కీబోర్డు పైకి లేచి సగం తెరను మింగింది. రాస్తున్న వరుస దాని వెనుక ఉండిపోయింది. రాసేది కనబడకుండా రాయడం జీవితంలో ఇదే ప్రథమం.

6:45. ఒక బ్రాకెట్టు కోసం మూడు కీబోర్డులు మార్చవలసి వచ్చింది. దానిని మూయడానికి మరల మూడు.

7:00. రెండు వరుసలు అయ్యాయి. ఉత్సాహం చెక్కుచెదరలేదు.

జూన్ 4, బుధవారం

ప్రోగ్రామును నడిపే రన్ బటను, చెరిపేసే డిలీట్ బటను ఇరుగుపొరుగున కాపురమున్నాయి. నా బొటనవేలు ఇద్దరి ఇంటికీ ఒకేసారి వెళ్ళింది. ఐదు వరుసలు పోయాయి.

"పొద్దుగాల్నే ఫోనును గట్ల గుద్దుతాండ్రేంది? అదేం పాపం చేసింది?" అంది నా భార్య విమల.

జూన్ 5, గురువారం

6:55. ఆరు వరుసలు. విజయం సమీపంలో ఉంది.

7:05. తొర్రూరు నుండి మేనల్లుడి ఫోను. వాన పడిందట. పత్తి గింజలు పెట్టవచ్చట. సంతోషించి తిరిగి వచ్చేసరికి పేజీ మొదటి నుండి తెరుచుకుంది. ఆరు వరుసలూ లేవు.

తొర్రూరులో మాత్రం వాన పడింది.

జూన్ 6, శుక్రవారం

కళ్ళు మండుతున్నాయి. విశ్రాంతి. నియమాలలో సెలవు ప్రస్తావన లేదు, నిషేధమూ లేదు.

జూన్ 7, శనివారం

ముందుగా కాగితం మీద సాఫుగా రాసుకోవడమే పండితుల పద్ధతి. పన్నెండు వరుసలూ రాశాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి. ఫోను తెరవలేదు.

జూన్ 8, ఆదివారం

ఆరాధన. విశ్రాంతి దినాన పని చేయరాదన్న ఆజ్ఞను ఇంత ఇష్టంగా నేనెన్నడూ పాటించలేదు.

జూన్ 9, సోమవారం

11:00. రాజేష్ ఆఫీసుకు వెళ్ళాడు. అతని కంప్యూటరు ఒంటరిగా ఉంది.

11:20. పన్నెండు వరుసలూ పూర్తి. పద్యపాదం ఇచ్చాను. ఇరవై అక్షరాలని చెప్పింది. సరిగ్గా ఇరవై.

11:30. విమల టీ తెచ్చింది. "ఫోన్ల చేస్తనంటిరి గద?"

"సాధనం అదే. ఎక్కడ చేసినా ఒకటే."

"గట్లనా. మరి షారోనుకు గూడ గట్లనే చెప్పుండ్రి."

జూన్ 10, మంగళవారం

షారోన్ ఫారం పంపింది. ఎక్కడెక్కడ ఇబ్బంది కలిగిందో నింపాలి.

నా శిష్యుల పద్య సంపుటాలకు ఇప్పటికి ముప్పై ఒక్క ముందుమాటలు రాశాను. ఒక్కదానిలోనూ దోషమెత్తి చూపలేదు. పిల్లల తొలి కృషికి పెద్దవాడు దీవెన రాస్తాడు, అది మర్యాద. సొంత మనవరాలి పనికి అంతకన్నా తక్కువ రాస్తానా?

రాశాను: "సాధనం సులభము, సుందరము. ఫోనులో పన్నెండు వరుసలు నిరాటంకంగా సాగినవి. రూపకర్తలకు ఆయురారోగ్యములు కలుగుగాక."

ప్రోగ్రాము జతచేశాను.

జూన్ 12, గురువారం. సాయంత్రం 6:20

షారోన్ వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే కూర్చుంది.

"మిగతా ముగ్గురు మస్తు కష్టమని రాసిన్రు తాతా. శేఖర్ సార్ నీది ఒక్కటే పైకి చదివిండు. డెబ్బై నాలుగేండ్ల తాతకే ఇబ్బంది లేదంట, ఇగ మార్చుడెందుకు అన్నడు. రేపు పొద్దున ఫైల్ క్లోజ్ చేస్తరు." నా ఫోను వైపు చూసి, "నిజంగ ఫోన్లనే రాసినవా?" అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అబద్ధ సాక్ష్యం గురించి సండే స్కూలులో ముప్పై ఏళ్ళు బోధించాను. ఈ డైరీ ఆమె చేతిలో పెట్టాను.

లేచి నిలబడి చదివింది. తొర్రూరు వాన దగ్గర నవ్వింది. ముందుమాటల దగ్గర నవ్వలేదు.

"నేనడిగింది దీవెన కాదు తాతా. ఎర్ర ఇంకు."

తరువాత ఒక్కొక్క పేజీకి ఫోటో తీయసాగింది.

"తొమ్మిదో తేదీది వద్దు బిడ్డా."

"గదే అన్నిట్ల ముఖ్యం. నీ అసొంటి మనిషి ఫోన్ల చెయ్యలేక దొంగతనంగ కంప్యూటర్ కాడికి పోయిండంటే, ఇంతకన్న రుజువేం కావాలె?"

వంటింట్లో గిన్నెలు మరల మోగాయి. కొంచెం ఉల్లాసంగానే మోగినట్టున్నాయి.

జూన్ 13, శుక్రవారం

షారోన్ ఫోను చేసింది. మూడు నెలలు కాదు, ఆరు వారాలు ఇచ్చారట. శేఖర్ ఈ డైరీని రెండుసార్లు చదివాడట. పరీక్షకు ఈ తాతనే ఉంచండి, కాని ఫారం మాత్రం ఇవ్వకండి అన్నాడట.

జూన్ 16, సోమవారం. ఉదయం 6:10

ప్రార్థన ముగిసింది. సంకల్పం ఆరంభమైంది.

నియమాలు:
1. రోజూ అరగంట, ఫోనులోనే.
2. రాజేష్ తన కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టాడు. కావున ఈ నియమం అక్కరలేదు.
3. ఎర్ర ఇంకు.

6:30. మొదటి వరుస. కీబోర్డు లేచింది. వరుస కనబడలేదు. ఎర్ర ఇంకుతో రాశాను.

6:52. నాలుగు వరుసలు. తొర్రూరు నుండి ఫోను మోగుతోంది. ఎత్తితే నాలుగూ పోవచ్చు. పోతాయో లేదో చూసి రాయడమే కదా ఇప్పుడు నా పని.

ఎత్తాను.