షాకబ్జర్లూ, ఏడో నెలా

వర్ధన్నపేట
శ్రావణం మొదటి శుక్రవారం, 1981

కాజీపేటలో ఉన్న మా వియ్యంకులు వెంకట్రాజం బావగారికి, సంతోషం పట్టలేక మొండయ్య రాసే సంగతులు.

ముందు కాస్త చక్కెర నోట్లో వేసుకోండి, తర్వాత చదవండి. పెళ్లయిన తొమ్మిదేళ్లకు మన లక్ష్మి కడుపు పండి, ఏడో నెల పడ్డది. ఈ సంగతి మీ ఇంట్లోనే జరుగుతున్నది గనుక మీకు ముందే తెలుసనుకోండి. అయినా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగడం లేదు. ఊరంతా అయిపోయింది, ఇక మీరే మిగిలారు. మొన్న వరంగల్ బస్సు కండక్టరుకు చెప్పబోతే, "ముసలయ్యా, నిన్న గూడ జెప్పినవ్. టికెట్ తీస్కో" అన్నాడు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. ఎనిమిదో నెలలో పిల్లను కదిలించరు. అందుకని ఈ నెల దాటకముందే వచ్చి తీసుకుపోతాను. బస్సుల్లో నిలబడటానికే చోటుండదు, మన పికప్ బండినే తెస్తాను. మిలిటరీ వేలంలో కొన్న బండి. మిర్చి బస్తాలు మోసి మోసి కొంచెం అలసింది గానీ, పెళ్లినాడు లక్ష్మిని మీ గుమ్మంలో దింపింది అదే. వెనుక రెండు పరుపులు వేసి, మహారాణిలా పడుకోబెట్టి తీసుకుపోతాం. మీరు సరేనంటే చాలు, బయలుదేరుతాను.

మీ సంతోషంలో సగం వాటాదారు,
మొండయ్య

తా.క.: పుట్టేది ఆడపిల్లయినా మగపిల్లవాడయినా నాకు సమ్మతమే. ఇద్దరూ పుట్టినా బండిలో చోటుంది.

*

కాజీపేట
11-8-81

మొండయ్య బావగారికి వెంకట్రాజం నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా కోడలు గర్భవతి అన్న వార్త నాకు తెలియజేసినందుకు కృతజ్ఞుణ్ణి.

పిల్లను పంపడానికి అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా బండితోనే. కిందటి బతుకమ్మకు నన్ను దాని వెనుక భాగంలో కూర్చోబెట్టి మీ ఊరికి తీసుకుపోయారు. మామునూరు దాటేసరికి నా కట్టుడు పళ్లు తీసి జేబులో పెట్టుకోవలసి వచ్చింది. ముందు చక్రాలు గుంటలో పడ్డప్పుడు మనిషి వంగుతాడు, అది సహజం. వెనుక చక్రాలు పడ్డప్పుడు నేను గాలిలోకి లేచాను. నేను గాలిలో ఉండగానే బండి ముందుకు పోయింది. వెనుక తలుపు డాలా పట్టుకొని ఉండకపోతే ఈ ఉత్తరం రాయడానికి ఇవాళ నేనుండేవాణ్ణి కాదు.

మొన్న గ్రహణం విడిచేదాకా కోడలిని గడప దాటనివ్వకుండా కాపలా కూర్చున్నవాణ్ణి. అలాంటిది నలభై కిలోమీటర్లు ఆ బండిలో పంపుతానా? ముప్పై ఏళ్లు రైల్వేలో గార్డుగా చేశాను. ఆ వెనుక భాగం బాగు కానిదే దానికి లైన్ క్లియర్ ఇవ్వను.

ఇట్లు,
వెంకట్రాజం, రిటైర్డు గార్డు

తా.క.: "నాయినకు గట్టిగ రాయకుండ్రి మామా" అంటున్నది లక్ష్మి. ఇది మెత్తగా రాసిందే.

*

వర్ధన్నపేట
శ్రావణం మూడో ఆదివారం

బావగారికి, మీ కోపాన్ని కూడా కళ్లకద్దుకొని మొండయ్య రాసేది.

ఎంత ప్రేమ మీకు మా పిల్ల మీద! మీ ఉత్తరం మా ఇంటిది సమ్మమ్మకు చదివి వినిపించాను. పళ్లు జేబులో పెట్టుకున్న చోట ఇద్దరికీ కళ్లనీళ్లు వచ్చాయి. నవ్వడం వల్లనే గానీ, వచ్చిన మాట నిజం.

తెల్లారి బండిని వరంగల్‌లో జహీరుద్దీన్ షెడ్డుకు తోలుకుపోయాను. వెనుక షాకబ్జర్లు ఇదివరకే మూడుసార్లు మార్పించాను, అయినా మళ్లీ కొత్తవి వెయ్యమన్నాను. జహీరుద్దీన్ బండి కిందికి దూరాడు. అక్కడి నుంచే తిట్టడం మొదలుపెట్టాడు. "షాకబ్జర్లకేమైంది కాకా? మంచిగున్నయ్. వాటిని పట్టుకునే బ్రాకెట్లు చాసిస్ కెల్లి చినిగి ఊడినయ్. ఒకపక్క తుప్పు. ఇంకోపక్క ఎవడో అకల్ లేనోడు బైండింగ్ వైర్ తోటి కట్టిండు!"

"ఎవడైతే ఏందిలే, నువ్వు కానియ్" అన్నాను. ఇంట్లో ఇంకా అర చుట్ట వైరు మిగిలి ఉంది, అది వేరే సంగతి.

అప్పుడు నాకు తెలిసివచ్చింది బావగారూ. గుంటలో పడ్డ బండి ఎగరకుండా పట్టుకునేది షాకబ్జరు. షాకబ్జరును పట్టుకునేది బ్రాకెట్టు. అదే ఊడిపోతే ఎన్ని కొత్తవి కొన్నా చేతులు కట్టుకొని చూస్తుంటాయి. జహీరుద్దీన్ తుప్పంతా కోసి పారేసి, పాత లారీ చాసిస్ ముక్కతో మందంగా రెండు బ్రాకెట్లు చేసి, చుట్టూ వెల్డింగ్ పెట్టి, కొత్త రబ్బరు బుష్షులు వేసి బిగించాడు. ఆ వెల్డింగ్ వెలుగులో నాకు మనవడి ముఖమే కనబడ్డది. కళ్లార్పకుండా చూశాను. తర్వాత రెండు రోజులు ఎవరి ముఖమూ కనబడలేదు.

ఇంటికి వచ్చి పరీక్ష కూడా చేశాం. సమ్మమ్మను వెనుక పరుపు మీద కూర్చోబెట్టి, ఒళ్లో నిండు చల్లకుండ పెట్టి, ఇల్లంద దాకా పోయి వచ్చాం. శుభవార్త ఏమిటంటే, సగం కుండే ఒలికింది!

ఇక మీ మాట కోసమే చూస్తూ,
మొండయ్య

తా.క.: దుమ్ము పడకుండా సమ్మమ్మ కుండ మీద వేపమండలు కప్పింది. అసలే శ్రావణం. దారిలో చూసినవాళ్లంతా పోచమ్మ బోనమనుకొని దండాలు పెట్టారు. ఎందుకైనా మంచిదని నేనూ ఒకటి పెట్టాను.

*

కాజీపేట
20-8-81

మొండయ్య బావగారికి,

సగం కుండ ఒలకడాన్ని శుభవార్త అని రాసిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. ఒలికింది చల్ల కాబట్టి పరుపు ఉతుక్కుంటే సరిపోయింది. రేపు ఆ పరుపు మీద ఉండేది చల్ల కాదు, మా ఇంటి వారసులు.

నేను గూడ్సు బండి బ్రేక్ వ్యానులో నిండు గ్లాసు చాయ పెట్టుకొని బలార్షా దాకా పోయేవాణ్ణి. తొణికేది కాదు. బండి అంటే అలా పోవాలి. ఒక్క చుక్క ఒలకకుండా పోయి వచ్చిన రోజున రాయండి, అప్పుడు ఆలోచిస్తాను.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క.: మా అబ్బాయి భాస్కర్ ఇది చదివి, "నువ్వు ఆ చాయ ఈడనే తాగి, ఖాళీ గ్లాసు పట్టుకోని ఎక్కేటోనివి గద నాయినా" అంటున్నాడు. మీ అల్లుడి మాటలు లెక్కలోకి తీసుకోకండి.

*

వర్ధన్నపేట
శ్రావణం నాలుగో ఆదివారం

బావగారికి, గంతులు వేసి వేసి ఆయాసం తీరాక మొండయ్య రాసేది.

ఒలకలేదు! ఒక్క చుక్క ఒలకలేదు!

శుక్రవారం నాడు మళ్లీ సమ్మమ్మను, చల్లకుండను ఎక్కించి బయలుదేరాను. అంగడి మొగదల డప్పులవాళ్లు అడ్డం నిలబడ్డారు. "పోచమ్మ బోనం డప్పు లేకుండ పోతదా కాకా?" అని వాళ్లు ఎక్కారు. డప్పు వినబడగానే ఆడవాళ్లు ఎక్కారు. "దిగుండ్రి, ఇండ్ల ఉన్నది చల్ల!" అని సమ్మమ్మ మొత్తుకుంటే, ఒక పెద్దమ్మ "అమ్మకు ఎండ బాగ తగులుతాందని చల్లనే పోస్తున్నరు గావచ్చు" అని ఇంకో ఇద్దరిని ఎక్కించింది. బండి నిండిపోయింది. అలాగే ఇల్లంద పోయి వచ్చాం. దిగి చూస్తే కుండ అంచుదాకా ఎట్లున్నది అట్లనే ఉన్నది. వాళ్లకు పూనకం వచ్చిందో లేదో తెలియదు, నాకు మాత్రం వచ్చింది.

జహీరుద్దీన్‌కు చెబితే తల కొట్టుకున్నాడు. "ఖాళీ బండితోని పరీక్షలు చేస్తరా కాకా? కింద కమాన్ కట్టల స్ప్రింగులు బస్తాలు మోయనీకి చేసినయ్. మీద బరువు లేకుంటే బిర్రుగుంటయ్, బండి ఎగురుతది. ఇగ నా బ్రాకెట్ల ఫికర్ జెయ్యకు. ఎనిమిది తొమ్మిది క్వింటాళ్లు మీద ఎయ్యి, ఉయ్యాల లెక్క పోతది."

బస్తాలు వేద్దామంటే సమ్మమ్మ ఒప్పుకోలేదు. "నా బిడ్డ ఏమన్న మిర్చి సరుకా, బస్తాల నడుమ పండనీకి?" అన్నది. అందుకని మనుషుల్నే తెస్తున్నాను. ఊరంతా తిరిగి బరువైనవాళ్లను ఏరాను. మా కులపెద్ద ఎల్లస్వామి. ఆయన కూర్చుంటే మంచం మూలుగుతుంది. మాజీ సర్పంచి రాజేశ్వర్ రావు గారు, ఆయన తమ్ముడు. మల్లక్క ఒక్కతే ఇద్దరి పెట్టు. మిగతావాళ్లు కూడా వీళ్లకు తీసిపోరు. మొత్తం పదిమందిమి వచ్చే వారం బుధవారం పొద్దున మీ గుమ్మంలో ఉంటాం.

గాలిలో తేలుతూ,
మొండయ్య

తా.క.: వంటకు శ్రమపడకండి, ఏదో ఉన్నంతలో పెట్టండి. ఎంత ఎక్కువ పెడితే తిరుగు ప్రయాణం అంత మెత్తగా ఉంటుందన్నది మాత్రం మీ ఆలోచనకే వదిలేస్తున్నాను.

*

కాజీపేట
27-8-81

శ్రీయుత మొండయ్య గారికి,

ఈసారి బావగారూ అనడం లేదు, గమనించగలరు.

కులపెద్ద. మాజీ సర్పంచి. ఆయన తమ్ముడు. మల్లక్క. ఈ పేర్లు చదివాక కూడా నేను మీ వంటకని వంకాయలు కొనుక్కురావాలా? ఇది పంచాయితీ! పిల్లను పంపలేదని నా ఇంటి మీదికి పెద్దమనుషుల్ని తోలుకొస్తూ, పైగా బరువు కోసమని రాస్తారా? ముప్పై ఏళ్లు గూడ్సు బండ్ల మీద తిరిగినవాణ్ణి. బండికి బరువు కావాలంటే సరుకు వేస్తారు గానీ సర్పంచిని వేయరు.

మల్లక్క పోయినేడు ఎవరి పంచాయితీలోనో కూర్చుంటే అవతలివాడు ఏడ్చి, తన తప్పే కాక పక్కవాడి తప్పు కూడా ఒప్పుకున్నాడని కాజీపేట దాకా వినబడ్డది. రండి. మా గల్లీలో కూడా పెద్దమనుషులున్నారు. కొంచెం సన్నగా ఉంటారు, అంతే.

కోడలిని పంపను. బండి బాగైనా పంపను, ఉయ్యాలలా పోయినా పంపను. కాన్పు ఇక్కడే, రైల్వే దవాఖానలోనే జరుగుతుంది. ఇదే ఆఖరి మాట.

వెంకట్రాజం

తా.క.: ఇన్లాండ్ లెటరులో ఇంత జాగా మిగిలితే దండగని రాస్తున్నాను. మా ఇంటావిడ పోయాక భాస్కర్ డ్యూటీకి వెళ్తే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది లక్ష్మి ఒక్కతే. మీ దగ్గరికి వస్తే కాన్పయి, బిడ్డకు ఐదో నెల వస్తే గానీ తిరిగి రాదు. నేను చూసేసరికే వాడు మిమ్మల్ని తాతగా ఖాయం చేసుకొని ఉంటాడు. ఈ నాలుగు ముక్కలు చదివాక మరచిపోగలరు.

*

కాజీపేట
బుధవారం పొద్దున

బావగారికి, మీ ఎదురింట్లో నుంచి మొండయ్య రాసేది.

కంగారుపడకండి, పంచాయితీ రాలేదు. ఎల్లస్వామిని, సర్పంచి గారిని వద్దన్నాను. మల్లక్క ఇప్పటికీ అలిగే ఉంది. కొత్త చీర కట్టుకొని కూర్చున్నదట పాపం.

మీ ఉత్తరం సమ్మమ్మకు చదివాను. మీరు తిట్టినంతసేపూ బియ్యం ఏరుతూనే ఉంది. తాజాకలం దగ్గరికి వచ్చేసరికి చాట కింద పెట్టింది. "అన్న గంత ఒంటరిగున్నడా? బండి మీద పెట్టి రాసిండు గని, ఆయన బాధ బండిది గాదు" అన్నది. ఆ నాలుగు ముక్కలూ నేను మళ్లీ చదివాను. అయినా ఊరంతా చెప్పుకున్నవాణ్ణి కదా, పుట్టింట్లో కాన్పు కాకపోతే నలుగురూ ఏమంటారన్నాను. దానికి సమ్మమ్మ, "లచ్చిమి పుట్టింది నా కడుపుల, నీ గోడలల్ల గాదు. నేనేడుంటే గదే దాని పుట్టిల్లు. బండికి బరువు గావాలంటివి గద? లే, ఇల్లు ఎక్కియ్యి" అన్నది.

ఎక్కించాం. మంచాలు, పరుపులు, ఇసుర్రాయి, రోలు, బియ్యం, ఊరగాయ జాడీలు, లక్ష్మి చిన్నప్పటి ఉయ్యాల, వీటన్నిటి నడుమ మా బర్రె. బిడ్డ తల్లికి పాలు కావాలి కదా. జహీరుద్దీన్ చెప్పిన బరువుకు ఒక పిసరు ఎక్కువే అయింది. ఏం పోయింది బావగారూ బండి! మామునూరు గుంటల్లో కూడా ఒక్క జాడీ పగలలేదు, బర్రె నెమరు వేయడం ఆపలేదు. ఆ బ్రాకెట్లకు కుంకుమ పెట్టి వచ్చాను.

ఈ ఇల్లు అనీస్ బేగం గారిది. ఆదివారమే బస్సులో వచ్చి అడిగాను. బాడుగకు ఇవ్వనని ముందు గట్టిగానే చెప్పారు. పుట్టబోయే మనవడి సంగతి కొంచెం వివరంగా చెప్పాను. "బస్ భాయ్, బస్, తాళంచెవి తీస్కో" అన్నారు.

మీరు పూజలో ఉన్నారు గనుక చూడలేదు. మేం సామాను దింపుతుంటే లక్ష్మి కిటికీలోంచి చూసి, నడుము పట్టుకొని నవ్వుతూ గల్లీ దాటి తనే వచ్చేసింది. పుట్టింటికి వచ్చినట్టే. ఏడో నెల వెళ్లకముందే వచ్చినట్టు. ఆ బండి ఎక్కనే లేదు! ఇప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చొని సర్వపిండి తింటున్నది. తినగానే మీకు చాయ పెట్టడానికి వస్తానంటున్నది. కాన్పు రైల్వే దవాఖానలోనే కానివ్వండి, నాకు సమ్మతం. తర్వాత పొద్దున మీ అరుగు మీద, సాయంత్రం మా అరుగు మీద. వాడు ఎవరిని ముందు తాత అంటాడో ఒకే గల్లీలో కూర్చొని తేల్చుకుందాం.

స్టాంపు దండగని ఈ ఉత్తరం మీ గేటు మీది నుంచి అరుగు మీదికి విసురుతున్నాను.

మీ కొత్త పొరుగువాడు,
మొండయ్య

తా.క.: బయటికి వచ్చేటప్పుడు గేటు జర మెల్లగా తెరవండి. మా బర్రెను దానికే కట్టేశాను.