సిలిండరుకు కట్టిన ఎర్రదారం

మంగళవారం, రాత్రి

ఆటోనగర్‌లో లారీల సేఫ్టీ ఆడిట్ చేస్తూ ఇవాళ పగలబడి నవ్వాను. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో పూజ చేయించిన లారీలో మంటలార్పే సిలిండరుకు కూడా పసుపు, కుంకుమ! పైగా దాని పిన్నును ఎర్రదారంతో బిగించి కట్టేశారు. ఎంత లాగినా రాదు.

"మంటలొస్తే ఎలా?" అన్నాను.

"అంజన్న ఉన్నడు గద మేడం, ఏం గాదు," అన్నాడు డ్రైవర్ యాదగిరి.

"లంక కాల్చాక తోక ఆర్పుకోవడానికి ఆయన కూడా సముద్రం దాకా వెళ్లాడయ్యా. నీకు సముద్రం ఇదే."

యాదగిరి నవ్వి, దారం విప్పి స్టీరింగుకు కట్టుకున్నాడు. అదే పూజ చేయించుకుని రోడ్డెక్కిన మిగతా డ్రైవర్లకూ ఫోన్ చేసి చెప్పాడు. ఒక్కడు మాత్రం ఇంకా ఎత్తలేదట.

బండి నడుపుతూ ఫోన్ ఎత్తొద్దని వాళ్లందరికీ గట్టిగా చెప్పింది నేనే...