ఊఁ అన్నందుకు

పోర్ట్ హార్లన్, మిషిగన్
1974 జూన్ 11

ప్రియమైన ఆర్వోకి,

ఈ ఉత్తరం అందేసరికి నీ ఓడ ఏ రేవులో ఉంటుందో నాకు తెలియదు. నువ్వు ఐస్ హాకీ మానేశావన్న సంగతే నాకు తెలియనప్పుడు ఇదెంత.

సోమవారం పొద్దున్నే తలుపు తీస్తే పక్కింటి హిల్యా ఏలకుల రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. ఓడకేమైనా అయిందేమో అనుకున్నాను. "పోనీలే సైమీ, పదమూడేళ్ళు ఆడాడు, చాలదా" అంటూ నన్ను కావలించుకుంది. మధ్యాహ్నానికి ఇంకా రొట్టెలు వచ్చాయి, చర్చి ఆడవాళ్ళు ఒక గిన్నెడు చేపల సూపు తెచ్చారు. మనిషి పోయిన ఇంటికి తెచ్చినట్టే అందరూ గొంతు తగ్గించి మాట్లాడి వెళ్ళారు. ఏం జరిగిందో తెలియక నేను కూడా గొంతు తగ్గించే మాట్లాడాను.

చివరికి హిల్యా పేపరు తెచ్చి చూపించింది. మన ఊరి హామర్స్ జట్టు కెప్టెన్ ఆర్వో నిస్కనెన్ ఆటకు వీడ్కోలు చెప్పాడట. అక్టోబరులో సొంతూళ్ళో మొదటి ఆట రోజున నీ పంతొమ్మిదో నంబరు జెర్సీని మీరు ఆడే మంచు రింకు పైకప్పుకు వేలాడదీస్తారట. ఇక ఆ నంబరు ఎవరికీ ఇవ్వరట. ఈ గొప్ప సంగతి చెప్పింది మన క్లబ్బు యజమాని క్రౌస్.

ఆ జెర్సీ మన బీరువాలో ఉంది. దానికోసం నిన్న మనిషిని కూడా పంపాడు. ఉతికాను, తడిగా ఉందని చెప్పి పంపేశాను. ఈ ఎండలో ఎన్నాళ్ళు తడిగా ఉంటుందో నాకూ తెలియదు.

నిజం చెప్పు. మానేస్తే మానెయ్, అది నీ ఇష్టం. ఊరందరికీ చెప్పి నాకు చెప్పలేదంటే మాత్రం ఆ ఓడలోనే ఉండిపో.

ఇంతవరకూ నీదే అయిన,
సైమి


ఓడ రాల్ఫ్ హాస్కెల్ నుంచి
జూన్ 24

నా సైమికి,

డెట్రాయిట్ దగ్గర తపాలా పడవ నీ ఉత్తరం తెచ్చింది. వంటవాడు చూస్తుండగా చదివాను. "ఇంట్లో అందరూ క్షేమమేనా" అని అడిగాడు. "నేను రిటైరయ్యానట" అన్నాను. "శుభాకాంక్షలు" అన్నాడు. వాణ్ణి నీళ్ళలోకి తొయ్యాలనిపించింది.

నేను మానలేదు. ఎవరితోనూ మానేస్తాననలేదు. ఏం జరిగి ఉంటుందా అని రెండు రోజులు తలబద్దలు కొట్టుకుంటే అప్పుడు గుర్తొచ్చింది. ఏప్రిల్లో క్లబ్బు విందు అయ్యాక కోట్లు తగిలించే చోట క్రౌస్ నన్ను పట్టుకున్నాడు. భుజం మీద చెయ్యి వేసి "పదమూడేళ్ళయింది కదూ ఆర్వో" అన్నాడు. ఊఁ అన్నాను. "మోకాళ్ళు మొండికేస్తున్నాయి కదూ" అన్నాడు. ఊఁ అన్నాను. "మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఆపాలి కదూ" అన్నాడు. నా కోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ దానికీ ఊఁ అన్నాను.

మనవాళ్ళ సంగతి నీకు తెలుసు. మా నాన్నయినా, మీ నాన్నయినా, ఫిన్లండు నుంచి వచ్చిన ఏ ముసలాయనయినా ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ఊఁ కొడుతూనే ఉంటాడు. వింటున్నాను, కానియ్ అని దానర్థం. ఒప్పుకున్నానని కాదు. ఒహాయో నుంచి వచ్చి కుర్చీలు, సోఫాలు అమ్ముకునే క్రౌస్‌కి అది ఎక్కడ తెలుస్తుంది? తెలిసినా తెలియనట్టు ఉన్నాడేమో, అదీ చెప్పలేను.

నువ్వు వెళ్ళి ఆయనకి చెప్పు. నేను సెప్టెంబరులో ఎప్పటిలాగే వేసవి పని ముగించి ఓడ దిగి జట్టు శిక్షణ క్యాంపుకి వస్తున్నాను. రోజూ పనయ్యాక డెక్కు మీద ఇనప గొలుసు భుజానేసుకుని ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తున్నాను. అందరూ నవ్వుతున్నారు, నవ్వనీ. బతికున్న మనిషి చొక్కా తీసుకెళ్ళి కప్పుకి వేలాడదీస్తారా? జెర్సీ ఇవ్వకు.

నీ,
ఆర్వో


పోర్ట్ హార్లన్
జూలై 9

ప్రియమైన నోరులేని మొగుడికి,

వెళ్ళాను. నీలం గౌను వేసుకుని, తలదువ్వుకుని, తాడోపేడో తేల్చుకుందామని క్రౌస్ దుకాణానికే వెళ్ళాను.

"రా సైమీ, కూర్చో. ఇది కొత్త సోఫా" అన్నాడు.

"నిలబడే మాట్లాడతాను. మా ఆయన ఆట మానలేదు."

"అదేంటమ్మా, నాతోనే అన్నాడుగా."

"ఏమన్నాడో ఆ మాట చెప్పండి."

బుర్ర గోక్కున్నాడు. "ఊఁ అన్నాడు."

"అంటే మీరు చెప్పేది వింటున్నానని."

"మూడుసార్లు అన్నాడమ్మా."

"మూడుసార్లు విన్నాడు."

దుకాణంలో బల్ల కొనుక్కోవడానికి వచ్చిన ముసలాయన ఒకడు కిసుక్కున నవ్వాడు. మనవాడే అయ్యుంటాడు. క్రౌస్ ముఖం మాడిపోయింది. నన్ను వెనక గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అక్కడ మాత్రం మాటలకి తేనె పూయలేదు.

"చూడు సైమీ, డెట్రాయిట్ నుంచి ఇరవై రెండేళ్ళవాణ్ణి తెస్తున్నాను. నీ మొగుడి చోటు వాడికి ఇచ్చేశాను. ఆర్వోని ఊరికే పొమ్మంటే ఊరు నామీద పడుతుంది, అందుకే సన్మానం చేసి పంపుతున్నాను. మర్యాదగా పోతే సరే. గొడవ చేశాడా, ఆగస్టు ఆఖరున లీగుకి పంపే జాబితాలో వాడి పేరు రాస్తాను. నా జాబితాలో ఉన్నవాణ్ణి ఇంకో క్లబ్బు ముట్టుకోకూడదు, నీకూ తెలుసు. నేను ఆడించను, ఎవర్నీ ఆడించనివ్వను. ముప్పై అయిదేళ్ళవాడు ఒక్క చలికాలం ఇంట్లో కూర్చుంటే మళ్ళీ లేస్తాడా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కుర్చీలు అమ్ముకునేవాళ్ళకి మనుషుల్ని కూర్చోబెట్టడం తప్ప ఇంకేం చేతనవుతుంది" అని తలుపు విసిరికొట్టి వచ్చేశాను. ఊరు ఊరంతా సన్మానం టికెట్లు కొంటోంది. కొన్నవాళ్ళందరూ నాకు చూపించి మరీ వెళ్తున్నారు.

నువ్వు బయల్దేరి వచ్చెయ్. ఇద్దరం కలిసి వెళ్దాం. నువ్వు నోరు తెరిచి "ఆడతాను" అని ఒక్క మాట ఊరందరి ముందూ అంటే ఆయనేం చేస్తాడో నేనూ చూస్తాను.

మండిపడుతున్న,
సైమి


ఓడ రాల్ఫ్ హాస్కెల్ నుంచి
ఆగస్టు 6

సైమికి,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. చాలా ఆలోచించాను.

క్రౌస్ చెప్పిందాంట్లో తప్పేమీ లేదనిపిస్తోంది. పదమూడేళ్ళంటే తక్కువేం కాదు. చాలామందిని ఒక తంతి కబురు పంపి పొమ్మంటారు, నాకు సన్మానం చేస్తామంటున్నారు. ఇక్కడ ఓడ కెప్టెన్ కింది అధికారి మేటు వచ్చే ఏడాది నుంచి పూర్తికాలం ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. మెట్లెక్కుతుంటే మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. ఎంతకాలమని ఇలా.

క్రౌస్‌కి నిన్న తంతి పంపాను. ఇంత గౌరవం చేస్తున్నందుకు కృతజ్ఞతలు, ఆ రోజు తప్పక వస్తాను అని. నువ్వింక ఆయనతో గొడవపడకు. జెర్సీ ఇచ్చెయ్.

ఆర్వో


పోర్ట్ హార్లన్
సెప్టెంబరు 4

ఆర్వో,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

నీ తంతిని క్రౌస్ పేపర్లో అచ్చు వేయించాడు. దుకాణం అద్దానికి కూడా అంటించాడు. చర్చి నుంచి వస్తుంటే నన్ను పిలిచి చూపించి, "మీ ఆయన నీకన్నా తెలివైనవాడు" అన్నాడు. నువ్వు నా నోరు కట్టేసి ఆయన చేతికి ఇచ్చావు. జూలైలో అంతమంది ముందు నీకోసం అరిచినదాన్ని, ఇప్పుడు రొట్టెల దుకాణానికి వెళ్ళాలన్నా వెనక వీధిలోంచి వెళ్తున్నాను.

ఇంకో అవమానం చెప్పనా? నిన్న క్లబ్బుల జాబితాలు పేపర్లో పడ్డాయి. వచ్చే ఏడాదికి తాము అట్టిపెట్టుకుంటున్నవాళ్ళు అని ఒక్కో క్లబ్బుకీ పదిహేను పేర్లు. మన క్లబ్బు వాటిలో నీ పేరు లేదు. రిటైరైనవాడికి చోటెందుకు దండగ అని ఆ చోట్లో ఎవడో కొత్త గోల్‌కీపరు పేరు పెట్టుకున్నాడు. పదమూడేళ్ళు మోసిన క్లబ్బు జాబితాలో నువ్వు లేకపోవడం నేను మొదటిసారి చూశాను. పైనుంచి కింది దాకా, మళ్ళీ కింది నుంచి పైదాకా చదివాను.

నీ మోకాళ్ళ సంగతి నాకు చెప్పకు. రాత్రిళ్ళు మందు రాసేది నేనే. నాకు కావలసింది నీ మోకాళ్ళు కాదు. నిన్ను చూడకముందే నీ కేక విన్నాను, తెలుసా? మా అన్నతో రింకుకి వచ్చి టోపీ వెతుక్కుంటుంటే ఎవడో "ఎడమ, ఎడమ, వెనక్కి రారా వెధవా" అని పైకప్పు ఎగిరిపోయేట్టు అరిచాడు. ఈ గొంతున్నవాణ్ణే చేసుకుంటాననుకున్నాను. పెళ్ళయ్యాక తెలిసింది, ఆ గొంతు ఇంటికి రాదని. ఇంట్లో నువ్వు ఊఁ కొట్టే మనిషివి, నేను దానికి అలవాటుపడ్డాను. కానీ చలికాలంలో వారానికి రెండుసార్లు నా మొగుడి గొంతు వినడానికి ఆ మంచుగడ్డలాంటి బెంచీ మీద కూర్చుంటున్నాను. దాన్ని ఒక సోఫాలవాడి పాలు చేశావు.

జెర్సీ ఇవ్వలేదు. ఇవ్వను. కావాలంటే నువ్వే వచ్చి నా చేతిలోంచి లాక్కో.

సైమి


గ్రాండ్ మార్లో
సెప్టెంబరు 20

నా సైమికి,

కవరు మీద ఊరి పేరు చూసి రేవు అనుకుంటావేమో. కాదు. ఓడ పదమూడునే దిగేశాను. ఇది గ్రాండ్ మార్లో క్లబ్బు రింకు వెనక అద్దెగది. నిన్న ఒప్పందం మీద సంతకం చేశాను. ఈ చలికాలం నేను మార్లో తరఫున ఆడుతున్నాను.

కూర్చుని చదువు. క్రౌస్ ఆ వెనక గదిలో నీతో అన్నదంతా నువ్వు పొల్లుపోకుండా రాశావు. గొడవ చేస్తే జాబితాలో పెడతానన్నాడు. గొడవ చెయ్యకపోతే పెట్టడని నాకప్పుడే తట్టింది. పదిహేనే చోట్లు, ఆయన పీనాసితనం నాకు తెలుసు, మానేసినవాడి మీద ఒక చోటు పారేసుకోడు. అందుకే కృతజ్ఞతల తంతి. నా పేరు జాబితాలో లేదని నువ్వు ఏడుస్తూ రాసిన ఆ వాక్యం కోసమే నేను నెలరోజులు కాచుక్కూర్చున్నాను. అది చదివాక నేను ఏ క్లబ్బుకీ చెందని మనిషిని. ఎవరైనా తీసుకోవచ్చు.

నీకు ముందే చెప్పలేదని కోపం వస్తుంది, రావాలి. కానీ నీ నోట్లో నువ్వుగింజ నానదు సైమీ. క్రౌస్ ఎదురుపడి నవ్వితే నువ్వు అక్కడికక్కడే చెప్పేసి ఉండేదానివి. నువ్వు వెనక వీధిలోంచి నడిచావని చదివినప్పుడు మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంకోటి కూడా చెప్పాలి. మానేస్తున్నానని నీకు అబద్ధం రాయడానికి రెండు రోజులు పడుతుందనుకున్నాను. పావుగంటలో రాసేశాను. ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని భయమేసి, ఆ సాయంత్రం గొలుసు రెండింతలసేపు మోశాను.

ఇక్కడి కోచ్ నన్ను గంటసేపు పరుగెత్తించాడు. "నీ మోకాళ్ళ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది" అన్నాడు. "అది మీరు కూర్చున్న బెంచీ చప్పుడు" అన్నాను. చివర్లో ఒక పొడుగ్గాడు నన్ను దాటబోతే రింకు చుట్టూ ఉన్న గోడకేసి నొక్కేశాను. "సరే, వచ్చి సంతకం పెట్టు" అన్నాడు కోచ్.

ఇప్పుడు అసలు సంగతి. హార్లన్‌లో సన్మానం రోజున వచ్చే అవతలి జట్టు ఎవరో చూడు. మార్లో. మావాళ్ళు నా పేరు సోమవారం దాకా బయటపెట్టరు. ఆ తర్వాత క్రౌస్ తల బాదుకున్నా సన్మానం ఆపలేడు, టికెట్లన్నీ అమ్మేశాడు. వస్తానని మాటిచ్చాను, వస్తున్నాను. మార్లోవాళ్ళ పచ్చ జెర్సీతో వస్తాను.

ఊరు నామీద అరుస్తుంది. నాకు రొట్టెలు తెచ్చినవాళ్ళే అరుస్తారు. అరవనీ, జాలిపడటం కన్నా అది మేలు. చలికాలమంతా నువ్వక్కడ, నేనిక్కడ. అది మాత్రం నాకు కష్టంగా ఉంది, దానికి నా దగ్గర ఉపాయం లేదు. మంచం ఇరుగ్గా ఉంది, రింకు చప్పుడు రాత్రి దాకా ఉంటుంది. వస్తావా? నీకు కోపం తగ్గాకే జవాబు రాయి.

నీ,
ఆర్వో


పోర్ట్ హార్లన్
సెప్టెంబరు 23

ప్రియమైన ఆర్వోకి,

కోపం తగ్గలేదు. అయినా రాస్తున్నాను. నీ ఉత్తరం శనివారం వచ్చింది. చదివి, ఒక కప్పు కాఫీ తాగి, నీ మీద కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వాను. హిల్యా గోడ అవతల నుంచి "బాగానే ఉన్నావా" అని అడిగింది. బాగానే ఉన్నానన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానదన్నావుగా, రెండు రోజులుగా నానుతోంది చూసుకో.

తర్వాత జెర్సీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, క్రౌస్ దుకాణానికి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన కళ్ళు చెమర్చాయి. "నువ్వు ఇలా పెద్దమనసు చేసుకుంటావని నాకు తెలుసు సైమీ" అన్నాడు. ఆ రాత్రి తన పక్కన, ముందు వరసలో, రింకు గోడ మీది అద్దాన్ని ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చోమన్నాడు. ఆయన మాట పూర్తికాకముందే సరేనన్నాను. మీ మాట మీద నమ్మకం లేదు, కాగితం మీద రాసివ్వండి అంటే నవ్వుతూ పాస్ రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టి ఇచ్చాడు. ఈపాటికి ఆయనకి కబురు అంది ఉంటుంది. పొద్దున్నుంచి ఫోను మోగుతూనే ఉంది, నేను తియ్యడం లేదు.

మార్లోకి వస్తాను. బడి వంటశాలలో నా బదులు ఇంకొకరు దొరకగానే, నవంబరులో వస్తాను. ఆ మంచం సంగతి నువ్వు చూసుకో, నేను ఇరుకులో పడుకోను.

సన్మానానికి మాత్రం ఆయన ఇచ్చిన కుర్చీలోనే కూర్చుంటాను. ఆయన ముఖం దగ్గర్నుంచి చూడాలనుంది. నువ్వు ఆ డెట్రాయిట్ కుర్రాణ్ణి గోడకేసి నొక్కేటప్పుడు ఎక్కడపడితే అక్కడ నొక్కకు. మా ఇద్దరి ముందున్న అద్దానికే నొక్కు.

నీ,
సైమి