నాన్న ఎవరిని పిలవమన్నాడో

అమ్మకు, నేనూ మీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం, దిగులుపడకు.

నాన్న పోయినప్పుడు ఆయన మెదడును మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇచ్చాం కదా, నిన్న అక్కడి డాక్టరమ్మ నన్ను పిలిపించింది. కంప్యూటర్లో బొమ్మ చూపించి, "ముఖాలు ఆనవాలు పట్టే చోటు ఇదమ్మా. పూర్తిగా కుంచించుకుపోయింది. ఇది చాలా ఏళ్ళ నాటి జబ్బు" అంది.

ఉండబట్టలేక అడిగేశాను. "మా అమ్మ కనబడితే చాలు, 'ఎవత్తివే నువ్వు, బయటికి నడు, నా పెళ్ళాన్ని పిలవండి' అని అరిచేవారండీ. పోయేరోజూ అంతే. అమ్మంటే అంత అసహ్యం ఎందుకొచ్చింది?"

ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "అసహ్యం కాదమ్మా. ఎదురుగా ఉన్నది ఆమేనని ఆయనకు తెలియలేదు" అంది. అక్కడే భోరుమన్నాను. అమ్మా, నిన్ను గెంటేస్తూ ఆయన పిలిచింది నిన్నే.

మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? బీపీ మాత్రలు మానకు. నాన్న తల కోయించానని తమ్ముడికి నామీద ఇంకా కోపమేనా? వాడికీ ఇది చదివి వినిపించు. ఆయన గెంటేసినప్పటి నుంచీ వరండాలోనే పడుకుంటున్నావు. ఇక లోపల మీ మంచం మీదే పక్కేసుకో.

నీ కాళ్ళకు దణ్ణం పెడుతూ,
పెద్దమ్మాయి