సాక్ష్యంలో నేనన్న మాట

జూన్ 8, ఆదివారం

మళ్లీ విన్నాను. మేడ్చల్ షేర్ ఆటోలో, ఎదుటి సీటామె ఫోన్‌లో. నా గొంతే, నా పాటే. దానికి ముందు శామీర్‌పేటలో ప్లాట్లున్నాయని ప్రకటన. ఆ ప్రకటన డబ్బు మా చర్చి యూట్యూబ్ ఛానల్‌కి. నాకు దక్కేది మాత్రం... "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్!"

జూన్ 9, సోమవారం

నా కూతురు రూతు కామెర్లతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మంచం పక్కన కూర్చుని మందుల చీటీ వెనక ఈ పాట రాశాను. పిల్ల నిద్రపోయేదాకా పాడీ పాడీ కుదిరిన రాగం. చీటీ ఇంకా బైబిల్లోనే ఉంది. ఇవాళ తీసి చూసుకున్నాను, ఎవరో నాది కాదన్నట్టు.

జూన్ 11, బుధవారం

దూలపల్లి కంపెనీలో సగం రోజు సెలవు పెట్టి పాస్టర్ అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఛానల్ చూసుకునేది అయ్యగారి అల్లుడు సుధీర్, అతనూ ఉన్నాడు. వీడియో తీసిన రోజు తబలా ఆయనకు డబ్బులిచ్చారు, కెమెరా ఆయనకు ఇచ్చారు. నా వాటా ఇవ్వండి, నా పేరు పెట్టండి — అంతే అడిగాను.

"గాళ్లు బయటోళ్లమ్మా. నువ్వు మన సంఘం బిడ్డవు. సేవకు కూలి అడుగుతరా?" అన్నారు అయ్యగారు.

సుధీర్ ఫోన్ తీశాడు. పాటకు ముందు, దేవుడి మేలు గురించి నేను చెప్పిన సాక్ష్యం పెట్టాడు. అందులో నేనే, చేతులు కట్టుకుని — "ఈ పాట నాది కాదు, దేవుడిచ్చిండు."

"నువ్వే అన్నవ్ గదక్కా, నీది కాదని."

ఒళ్లు మండిపోయింది. మా దగ్గర పాడే ప్రతి ఒక్కరూ ముందు అలాగే అంటారు. అనకపోతే గర్వమంటారు. వినయంగా తల వంచితే నెత్తికెక్కి కూర్చున్నారు. అయ్యగారి ప్రసంగమూ దేవుడిచ్చిందే కదా! మరి ఆయనకు జీతమెందుకు?

ఆ మాట అక్కడ అనలేకపోయాను. అందుకు నా మీద నాకే కోపం.

జూన్ 12, గురువారం

డేవిడ్‌తో కొట్లాట. చర్చిలో కీబోర్డు వాయించేది మా ఆయనే.

"ఊకోరాదు. రూతుకు బాగలేనప్పుడు సంఘమంత ఉపవాసమున్నది, మర్చిపోయినవా?"

మర్చిపోలేదు. ఇన్నాళ్లూ నా నోరు కట్టేసింది అదే.

జూన్ 14, శనివారం

అయ్యగారి ఫోన్. రేపు చర్చి వార్షికోత్సవం. "నీ పాట పాడాలె బిడ్డా. లైవ్ పెడ్తున్నం."

నీ పాటట. పాడేటప్పుడు మాత్రం నాది.

జూన్ 15, ఆదివారం

పాడటానికి లేచాను. ముందు సాక్ష్యం చెప్పమన్నారు. ఎదురుగా సుధీర్ కెమెరా.

"ఈ పాట నాది," అన్నాను. "నేనే రాసిన."

ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు కళ్లు మూసుకున్నారు.

వెనక కీబోర్డు మొదలైంది. డేవిడ్. నా పాట కాదు, వేరే పాట.

మైకు పక్కన పెట్టి దిగిపోయాను.

మధ్యాహ్నం డేవిడ్‌కీ రూతుకీ అన్నం వడ్డించాను. వేరే పాట ఎందుకు వాయించావని ఆయన్ని ఇంకా అడగలేదు.