బారసాల ఆపకండి

మాదాపూర్,
11-9-1998

చి. సౌ. ఉమాశ్రీకి, నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని మామయ్యగారి ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది.

నా కాలి కట్టు సోమవారం విప్పారు. ఎముక అతుక్కుంది కానీ పిక్క కరిగిపోయి పుల్లలా అయింది, పొట్ట మాత్రం పెరిగింది. "కదలకుండా తింటే ఒళ్ళు మందగిస్తుంది. రేపు ఆ బరువంతా ఈ కాలే మోయాలి" అన్నారు డాక్టరుగారు. అందుకే స్వీట్లు మానేసి గుడ్లు, మొలకెత్తిన పెసలు తింటున్నాను. కుర్చీలోనే కూర్చుని నీళ్ళ సీసాలతో చేతులకు కసరత్తు చేస్తున్నాను.

నిన్న తొందరపడి, చంకకర్రలు వదిలేసి నడవబోయి పడ్డాను. దెబ్బ తగల్లేదు, కంగారుపడకు. ఇల్లుగలావిడ సత్తెమ్మగారు వచ్చి లేపింది.

"ఏంది సారూ, గంత తొందరేంది?"

"బారసాల నాటికి నిలబడి పాపను ఎత్తుకోవాలండీ."

"నిలబడేదాంక బిడ్డను సూడవా ఏంది?" అని కాలికింద దిండు పెట్టి వెళ్ళిపోయింది.

కాలు బాగయ్యేదాకా బారసాల ఆపమని పోయిన కార్డులో రాశాను కదా, ఆపకండి. మా ఆఫీసు వేణు తోడు వచ్చి దింపుతానన్నాడు. స్టేషనుకు మీ తమ్ముడు జశ్వంత్‌ను పంపు. నీకు పథ్యం సరిగ్గా జరుగుతోందా? పాపకు జలుబు తగ్గిందా?

అత్తయ్యగారికి, మామయ్యగారికి నా నమస్కారాలు. పీటల పక్కన నాకొక చేతుల కుర్చీ వేయించు. పాపను కూర్చునే ఎత్తుకుంటాను.

అవినాష్