ఎర్రగుడ్డ మూటలు

తార్నాక,
మంగళవారం

ప్రియమైన తమ్ముడు నరహరికి,

ఎల్లమ్మ తల్లి నిన్నూ, చేనునూ చల్లగా చూడాలి. ఫోన్లో నీ గొంతు వింటే నేను నోరు విప్పలేను. అందుకే ఖాళీ గంపలతో పాటు ఈ కాగితం దానయ్య ఆటోలో పంపుతున్నాను.

యూనివర్సిటీ గేటు దగ్గర మన చేని కూరగాయల కొట్టు తెరిచి ఇరవై రోజులైంది. ‘మందు కొట్టని కూరగాయలు’ అని నువ్వు రాయించిన బోర్డుకు రోజూ పసుపు కుంకుమ పెట్టాకే గంప దించుతున్నాను. క్యాంపస్‌లో పరిశోధన చేసే కౌముది అనే అమ్మాయి రోజూ వస్తుంది. ఆరో నెల. లేత బెండకాయను కడగకుండానే కొరుకుతుంది. కడుక్కో బిడ్డా అంటే, “బోర్డు మీరే పెట్టి మీరే భయపడ్తున్నరేంది ఆంటీ” అని నవ్వింది.

రోజూ నువ్వు ఒక చిన్న మూటకు ఎర్రగుడ్డ కట్టి విడిగా పంపుతావు. అది అమ్మవారికేమో అనుకున్నాను. ముందు దీపం దగ్గర పెట్టి, ఆసుపత్రి దగ్గరని కాన్పుకు నా గదికి వచ్చిన నీ బిడ్డ భాగ్యకు వండి పెడుతున్నాను. మొన్న అందులోంచి కౌముదికి నాలుగు కాయలు ఇవ్వబోతే దానయ్య అడ్డం వచ్చాడు.

“గా మూట ఇంటి సాలుది అక్కా. దానికి మందు కొట్టరు. అమ్మేటిదానికి నిన్న పొద్దుగాలనే కొట్టిండ్రు.”

తప్పు బయటపెడుతున్నానన్న జంకు కూడా అతని ముఖంలో లేదు. నాన్న కూడా మన తిండికని ఇంటి సాలు విడిగానే ఉంచేవాడు. ఊళ్లో అందరిదీ అదే పద్ధతి. కానీ నాన్న బోర్డు పెట్టలేదు తమ్ముడూ.

రెండు రోజులుగా కౌముది రాలేదు. ఆమె గురించి ఎవరిని అడగాలో తెలియదు. అమ్మవారికి ఒక సాలు, మనుషులకు ఒక సాలు పెట్టి నేను దీపం వెలిగించలేను. రేపటి నుంచి ఇంటి సాలు కాయలే పంపు. గంపెడు వచ్చినా చాలు.

నీ మేలు కోరే
అక్క స్వరూప

తార్నాక,
శుక్రవారం

తమ్ముడూ నరహరీ,

నువ్వు జవాబు రాయలేదు. ఈ పొద్దున దానయ్య పదకొండు మూటలు దించాడు. అన్నిటికీ ఎర్రగుడ్డలే. తల్లి నీ మనసు మార్చిందని దండం పెట్టుకున్నాను. ముడి విప్పితే మందు వాసన గుప్పుమంది. రెండోదీ అంతే. మిగతావాటికి వాసన రాలేదు. కొన్ని మందులకు వాసనే ఉండదని దానయ్య చెప్పాడు. భాగ్య మూట ఏదని అడిగితే అన్నిటినీ తేరిపార చూసి నెత్తి గోక్కున్నాడు.

“ఏమో అక్కా. నరహరన్న అన్ని ఒక్కతీరుగనే కట్టిండు.”

కొట్టు తెరవలేదు. బోర్డును గోడవైపు తిప్పి పెట్టాను. ఊరికి వెళ్లొచ్చానంటూ కౌముది వచ్చి, అలవాటుగా మూటలో చెయ్యి పెట్టింది. యాభై ఏళ్లకు మొదటిసారి పరాయి బిడ్డ చేతి మీద కొట్టాను. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. గోడవైపు తిప్పిన బోర్డును ఒకసారి చూసి వెళ్లిపోయింది.

మూటలన్నీ గదికి తెచ్చాను. “నాయిన పంపిన బెండకాయలు వండవా అత్తమ్మా?” అని భాగ్య అడుగుతోంది.

నువ్వే రా తమ్ముడూ. వచ్చి, నీ బిడ్డకు ఏ మూట విప్పాలో నీ చేత్తో చూపించు. అందాకా నేను పొయ్యి వెలిగించను.

అక్క స్వరూప